పర్శరాములు లేకుంటే మూతపడే దుకాణాలు

మా బావ పర్శరాములు అబద్ధాలు ఆడడు, కోతలు కోస్తాడు. రెండింటికీ తేడా ఉంది. అబద్ధాలకోరు ఎదుటివాణ్ణి నమ్మిస్తాడు, మా బావ ముందు తనే నమ్ముతాడు. నవ్వడు, కన్నుగీటడు, ఎవరో పోయిన కబురు చెబుతున్నంత గంభీరంగా చెబుతాడు. అందుకే ఆయన ముందు నవ్వాలంటే మాకే మొహమాటంగా ఉండేది.

ఆ శుక్రవారం మాకు అసలు నవ్వే ఓపిక లేదు. ఉమ్ అల్ క్వైన్‌లో మా గోదాం వెనక ఒక పాత ఇంట్లో దౌలత్‌బీ మెస్ నడుపుతుంది. కడప జిల్లా మనిషి. ఆమె వరండాలో చాపల మీద భోజనాలయ్యాయి, సులేమానీ చాయ్ వచ్చింది. బావకు ఎదురుగా నేను కూర్చున్నాను. నా పక్కన మా కంపెనీ లెక్కల సెక్షన్‌లో పనిచేసే రామచంద్రరావు గారు. మా మధ్య, చాయ్ కెటిల్‌కు ఆనించి, నా ఫోను. అందులో జగిత్యాల పక్కన మా ఊరి నుంచి మా అక్క కొమురవ్వ, అంటే బావ భార్య. బొమ్మ ఆగి ఆగి వస్తోందని అది తీసేసి గొంతు మాత్రం పెట్టుకున్నాం.

సంగతి ఏమిటంటే అక్కకు కడుపులో గడ్డ. సోమవారం కరీంనగర్‌లో ఆపరేషన్. ఆయనొచ్చి పక్కన ఉంటేనే బల్ల ఎక్కుతాను, లేకుంటే ఎక్కనే ఎక్కనని అక్క తేల్చి చెప్పింది. డాక్టరమ్మేమో ఇంక ఆలస్యం చేస్తే తన పూచీ కాదంది. ఇక్కడ ముదీర్, అంటే మా మేనేజరు, సెలవుకు ఒప్పుకున్నాడు. రంజాన్ దగ్గర పడింది కాబట్టి శుక్రవారం కూడా ఆఫీసులోనే ఉన్నాడు. సాయంత్రపు అస్ర్ నమాజు లోపల బావ వచ్చి సంతకం చేస్తే పాస్‌పోర్టు చేతిలో పెడతానన్నాడు. రాత్రికి షార్జా నుంచి విమానం ఉంది. అన్నీ కుదిరాయి, బావ ఒక్కడే కుదరలేదు.

"నేను పోతే కంపెనీ ఏం గావాలె?" అని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

మా కంపెనీ పేరు నుస్ నుస్. అరబ్బీలో నుస్ అంటే సగం. పక్క దుకాణం ధరలో సగానికే సరుకిస్తామని ఆ పేరు పెట్టారు. ఒక్క షట్టరుతో మొదలై ఇప్పుడు అన్ని ఎమిరేట్లలోనూ దుకాణాలయ్యాయి. వాటన్నిటికీ సరుకు మా గోదాం నుంచే వెళ్తుంది. ఆ గోదాంలో బావదీ నాదీ ఒకటే పని. పెట్టెలు ప్యాలెట్ మీద పేర్చి, చుట్టూ ప్లాస్టిక్ చుట్టి, లారీ దాకా లాక్కెళ్ళడం.

"సరేన్నా, నువ్వు పోతే ఏమైతాదో సెప్పు, ఇంటాం," అంది దౌలత్‌బీ కొంగుతో చేతులు తుడుచుకుని గడప మీద కూర్చుంటూ.

"చెప్పు, నేను గూడ ఇంట," అంది ఫోనులో అక్క.

మా ఊళ్ళో కథ చెప్పేవాడికి ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే చెప్పేవాడికి నోరు సాగదు. బావ దుబాయ్ వచ్చినప్పటి నుంచి ఫోనులో కోసిన ప్రతి కోతకూ అక్కే ఊ కొట్టింది. ఆ రోజూ కొట్టింది. బావ గొంతు సవరించుకున్నాడు.

"ఇనుండ్రి. దుబాయ్ల క్రేన్లన్ని మెడలిరిగిన కొంగలోలె నిలవడ్డ ఏడు అది. మా బిల్డింగు కంపెనీ ఖలాస్, వీసా ఇచ్చిన కఫీల్ పత్తా లేడు. పని దేవులాడుకుంట దేవులాడుకుంట గీ చేపల మార్కెట్ పక్కకు వచ్చిన. ఆడ ఉన్నది మన నుస్ నుస్, ఒక్కటంటె ఒక్కటే షట్టరు. మా అర్బాబ్, దుకాణం ఓనరు, గంత పెద్ద మనిషి, మెట్ల మీద తలకాయ పట్టుకోని కూసున్నడు. ఏందయ్యా అంటె, చైనా బకెట్లు దెప్పిచ్చిండట, లారీ నిండింది గని సగం బకెట్లు ఇంక రేవుల్నే ఉన్నయట, రెండో లారీ మాట్లాడితే సగం ధరకు అమ్ముడు ఎట్ల అని ఏడుస్తుండు. నేను లారీలకు తొంగి చూసిన. ఒక్కొక్క బకెట్ ఒక్కొక్క జాగల దొర కూసున్నట్టు కూసున్నది. ఎక్కిన. ఒక్క బకెట్ తీసి ఇంకో బకెట్ల పెట్టిన. అంతే."

"ఊ," అంది అక్క.

"అది నిజమేనండీ," అన్నారు రామచంద్రరావు గారు. "కంపెనీలో పాతవాళ్ళందరూ చెబుతారు. ఆ బకెట్ల వల్లే ఈయన్ని గోదాంలోకి తీసుకున్నారు."

నాకూ తెలుసు, బకెట్ల మాట నిజమే. బావ అక్కడితో ఆగి ఉంటే ఎవరం ఏమీ అనేవాళ్ళం కాదు. ఆగితే ఆయన మా బావ ఎందుకవుతాడు?

"అటెన్క ఏమైందో ఎరికేనా? బకెట్ల బకెట్ పట్టినంక నా చెయ్యి ఆగలె. బకెట్ల మగ్గు పెట్టిన, మగ్గుల గిలాస పెట్టిన, గిలాసల చెంచాలు, చెంచాల నడుమ సూదుల పొట్లాలు, సూది బెజ్జంల దారం. అజ్మాన్ల రెండో దుకాణం తెరుస్తమన్నరు, లారీ ఎన్ని గావాలె అన్నరు. లారీ ఎందుకు, ఒక్క డ్రమ్ము ఇయ్యుండ్రి అన్న. దుకాణమంత ఒక్క డ్రమ్ముల పెట్టి మూతేసి, కాలుతోని తన్నుకుంట అజ్మాన్ దాక పొర్లిచ్చుకుంట పోయిన. ఆడ మూత తీసిన్రు. సరుకు వస్తనే ఉన్నది. నెలంత వస్తనే ఉన్నది. తీసీ తీసీ సేల్స్‌మెన్ చెయ్యి వాసింది, ఇంకిద్దరిని కొత్తగ పెట్టుకున్నరు. మన కంపెనీల నౌకర్లు పెరుగుడు గట్ల షురువైంది."

"మరి డ్రమ్ము బరువండీ?" అన్నారు రామచంద్రరావు గారు. లెక్కల మనిషి కదా, ఊరుకోలేరు.

"బరువు గూడ లోపటికి మడిచిన సార్," అన్నాడు బావ. ఆ మాట అన్న తీరు చూస్తే బరువును మడవడం చేతకాని వాళ్ళ మీద జాలిపడుతున్నట్టుంది.

"బావా," అన్నాను నేను. "అక్క ఎదురు చూస్తున్నది. పొయ్యేదీ లేనిదీ చెప్పు."

"ఆగు బామ్మర్దీ, అదే చెప్తున్న గద. ఇనకుండ పొమ్మంటె ఎట్ల పోత? రాస్ అల్ ఖైమాల తెరిచిన్రు, ధైద్ అవతల తెరిచిన్రు, ఫుజైరాల తెరిచిన్రు. ఇగ డ్రమ్ములతోని గాదు, పెద్ద లారీలు వచ్చినయి. లారీ ఎక్కిచ్చుడు అందరికి వచ్చనుకుంటరు. ఎవనికి రాదు. ఆఖరుకు దిగే సరుకు మొదలు ఎక్కాలె, మొదలు దిగేది ఆఖరుకు ఎక్కాలె. గా ఇగురం తప్పితే ఫుజైరా పెట్టె కోసం అజ్మాన్ల నడిరోడ్డు మీద లారీ అంత కాలీ చెయ్యాలె."

ఇది కూడా నిజమే. మా పనిలో ఉన్నదల్లా ఆ ఇగురమే. కొత్తగా వచ్చినవాడు మొదటి వారం తప్పకుండా తప్పు చేసేది అక్కడే.

"నేను ఎంత ఇగురంగ ఎక్కిచ్చిన్నంటె, డ్రైవర్ ఖాన్ స్టీరింగు ఇడువకుంటనే సరుకు దిగుతుండె. అజ్మాన్ల ఒక్క బ్రేకు కొడితే అజ్మాన్ సరుకు జర్రున జారి దుకాణంల పడె. ఇంకో బ్రేకు, రాస్ అల్ ఖైమా సరుకు. గట్ల పోతుంటె ఒక దినం ధైద్ బాట మీద ఒంటె అడ్డమొచ్చింది. ఖాన్ సడెన్ బ్రేకు కొట్టిండు. లారీలున్న సరుకంత ఒక్కసారి ఇసుకల దిగింది. దిగినయి దిగినట్టు ఊకున్నయా? నా చేతి పెట్టెలాయె, వాటికి తరీఖ ఎరికే. పళ్ళాలు పళ్ళాల కాడికి, దుప్పట్లు దుప్పట్ల కాడికి, వాటంతటవే వరుసగ సదురుకున్నయి. మేం కిందికి దిగి చూసేవరకు దుకాణం! ఎడారిల తిరిగే బద్దూలు ఒంటెల మీదికెళ్ళి దిగి బేరం జేస్తున్నరు. అర్బాబ్‌కు ఫోన్ కొట్టిన. వచ్చి చూసిండు. చేసేదేముంది, షట్టరు దెచ్చి బిగియ్యుండ్రి అన్నడు. ధైద్ బాట మీద మన దుకాణం గట్ల పుట్టింది."

"ఊ," అంది అక్క.

"ఒంటె ఏమైందన్నా?" అంది దౌలత్‌బీ.

"దాని మెడకు గంట కొనిచ్చిన. మన దుకాణంల్నే."

"నేను అట్లపెనం కొనింది ఆ దుకాణంలోనే," అంది దౌలత్‌బీ. మా బావకు వంట చేసి పెట్టి పెట్టి ఆమెకూ ఆ గాలి సోకినట్టుంది. నవ్వొచ్చింది కానీ నేను నవ్వలేదు. ఎండ వరండా మెట్టు ఎక్కి చాప అంచు దాకా వచ్చింది.

"నడుమల అడ్డం రాకుండ్రి," అన్నాడు బావ. "అసలు కథ ఇప్పుడున్నది. దుకాణాలు పెరిగినయి. ఏ ఊర్ల ఏ సరుకు అయిపోయిందో గోదాంల మనకెట్ల తెలుస్తది? కంప్యూటర్ తెచ్చిన్రు. అది అయిపోయినంక చెప్తది, అయిపోయినంక చెప్తే ఏం ఫాయిద? నాకు ముందుగాల్నే తెలుస్తుండె. కుడికన్ను అదిరిందా, అజ్మాన్ల దుప్పట్లు ఒడిసినయి. ఎడమకన్ను అదిరిందా, ఫుజైరాల గొడుగులు ఒడిసినయి. అరికాలు గుంజితే రాస్ అల్ ఖైమాల చెప్పులు. ఇగ ఎక్కిళ్ళు! ఎక్కిళ్ళొస్తే ఎవలో యాద్ జేసుకుంటున్నరంటరు గద. నాకెవలు యాద్ జేస్తరు? ముసఫ్ఫాల గా ఐకాడ్ లేబర్ కాంపులల్ల మనోళ్ళు ఎంతమంది ఉన్నరు! వాళ్ళకు జీతాలు పడ్డనాడు బనీన్లు ఒడుస్తయి. అయ్యో బనీన్లు లేవాయె అని అందరు ఒక్కసారి యాద్ జేస్తరు. మనిషి బతుకుతడా? చెంబెడు నీళ్ళు తాగితే తగ్గయి, చక్కెర నోట్లె పోసుకుంటె తగ్గయి. బనీన్ల పెట్టె లారీ ఎక్కితేనే తగ్గుతయి. ముదీర్ కంప్యూటర్ బంద్ జేసి, నా ముంగట కుర్చీ ఏసుకోని, పొద్దంత నా కండ్లల్లకు చూసుకుంట ఆర్డర్లు చెప్తుండె."

"నేను యాద్ జేస్తె?" అంది అక్క.

"ఏంది?"

"నేను యాద్ జేస్తె ఎక్కిళ్ళు రావా నీకు?"

బావ చాయ్ గ్లాసు పైకెత్తాడు. అది ఖాళీ అని అప్పుడు గమనించి కింద పెట్టాడు.

"వస్తయే," అన్నాడు. "ఎందుకు రావు? అయి గూడ బనీన్లయే అనుకోని లారీ తోలిస్త నేను."

అక్క ఊ అనలేదు. రామచంద్రరావు గారు తల వంచుకుని చాప పుల్లలు గిల్లుతున్నారు. నాకు మా బావ మీద ఒళ్ళు మండింది. ఇంట్లో ఆడమనిషి కడుపు పట్టుకుని కూర్చుంటే బనీన్ల కథా? నోటి దాకా వచ్చిన మాట దౌలత్‌బీ కళ్ళతోనే ఆపేసింది.

"కానీన్నా, కానీ. రంజాను సంగతి సెప్పు," అంది. "దానికే గదా పోలేనంటాండావు."

అంతే, బావ మళ్ళీ లేచాడు. మోకాళ్ళ మీద నిలబడి రెండు చేతులూ చాచాడు.

"రంజాన్! మంచిగ అడిగినవు దౌలత్‌బీ. ఏడాది అంత అమ్మింది ఒక ఎత్తు, గా నెల ఒక ఎత్తు. ఒక ఏడు ఏమైందో ఎరికేనా? సరుకు ఓడలు వచ్చినయి, ఒకటి గాదు రెండు గాదు, ఏడు ఓడలు. ఫుజైరా కాడ సముద్రంల నిలవడ్డయి. రేవుల జాగ లేదు, ఒక్క ఓడకే జాగ ఉన్నదన్నరు. ఏడిట్ల ఒక్కటే ఒడ్డుకు వస్తె మిగిలిన ఆరిట్ల సరుకు పండుగ దాటినంక దిగుతది. అర్బాబ్ నమాజు చాప మీద కూసోని ఏడుస్తుండు. నేను చేపలు వట్టెటోని పడవ అడుక్కోని సముద్రంలకు పోయిన. కెప్టెన్లను అందరిని ఒక్క కాడికి పిలిచిన. మీరు ఎన్నడన్న బకెట్ చూసిన్రా అని అడిగిన. చూసినమన్నరు. అయితే ఇగ యల్లా, నడువుండ్రి అన్న. చిన్న ఓడను పెద్ద ఓడల పెట్టిన. గా ఓడను ఇంకో పెద్ద ఓడల పెట్టిన. పొద్దు గూకేవరకు ఏడోడలు ఒక్క ఓడ అయినయి."

"మరి మిగతా కెప్టెన్లేమయ్యారండీ?"

"లోపట్నే ఉన్నరు సార్. ఒకని కేబిన్‌ల ఒకడు. రోటీ కిటికీలకెళ్ళి అందిచ్చిన్రు." బావ ముఖంలో రేఖ కదల్లేదు. "ఓడ ఒడ్డుకొచ్చింది. దించుడు అయింది. గని ఫుజైరా ఏడ, మన గోదాం ఏడ? నడుమల గుట్టలు. తొవ్వ మెలికలు. లారీలు పోను రాను పండుగనే పోతది. అప్పుడు నాకు ఇగురం దొరికింది. తొవ్వను గీ కొసకు నేను పట్టిన, గా కొసకు ఖాన్‌ను పట్టుమన్న. ఇద్దరం గట్టిగ దులిపినం. ఇసుకంత రాలిపోయింది. తిన్న చాప మడిచినట్టు తొవ్వను మడతలు మడిచినం. గుట్టలు మడతల్ల వోయినయి. ఫుజైరా ఊరు ఊరంత లేసొచ్చి మన గోదాం గేటు కాడ నిలవడ్డది. సముద్రం గూడ వచ్చింది. వాచ్‌మన్ సముద్రాన్ని గేట్‌పాస్ అడిగిండు. పెట్టెలు చేతికి చెయ్యి అందిచ్చుకున్నం, అట్లనే లోపటికి. మాపటికి మడత ఇప్పి, ఎవల ఊరు వాళ్ళకు, ఎవల సముద్రం వాళ్ళకు ఇచ్చేసినం."

ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. గొంతు మాత్రం దిగింది. నిజంగా అలసిపోయిన మనిషి గొంతు అది.

"గా దినం సంది దేశంల నేను మడవని తొవ్వ లేదు. ఐకాడ్ తొవ్వ మడత గీ బొటనవేలు కింద ఉన్నది, రాస్ అల్ ఖైమా మడత గీ చిటికెన వేలు కింద ఉన్నది. అన్నం తింటున్న, పండుకుంటున్న, గని చెయ్యి ఇడువలె నేను. ఇడిస్తే ఏమైతది? మడతలన్ని ఒక్కసారి బుస్సున ఇప్పుకుంటయి. ఓడలల్ల ఓడలు బయటికి దుంకుతయి. ఏ లారీ ఏ ఊరికి పోతదో దానికే ఎరికుండదు. ఒక్కొక్క దుకాణం షట్టరు దానంతట అదే దబ్బున కిందపడుతది. రంజాన్ ముంగట! పసిపోరలకు పాలసీస దొరకది, కూలోనికి చాప దొరకది, ముసలోల్లకు చేతికర్ర దొరకది. గంతమంది ఉసురు నాకు తాకాలెనా? నువ్వే జెప్పు కొమురవ్వా. వదినెను తోలుకపో, ధైర్యంగ బల్లెక్కు. నీకు ఒక్క కడుపు. నాకు ఈడ దేశం."

అక్క ఊ కొట్టాల్సిన చోటు అది. కొట్టలేదు.

బావ ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఏమే, లైను కట్టయిందా?"

"కట్టుగాలె. ఉన్న."

"మరి ఊ కొడుతలేవు?"

"కొట్ట," అంది అక్క. "ఇంతసేపు నువ్వు చెప్పినవు, నేనిన్న. ఇప్పుడు నేను చెప్త, నువ్వు ఇను."

ఫోను మళ్ళీ కెటిల్‌కు ఆనించి పెట్టాడు. అక్క గొంతులో కోపం లేదు. బీడీలు చుట్టుకుంటూ పక్కింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"పోయిన చలికాలం నీకు కామెర్లయినయి. నెలరోజులు కాంపుల మంచానవడ్డవు. నువ్వు చెప్పలె, తమ్ముడు ఫోన్ జేసి చెప్పిండు. నీకోసం ఏడ్సిన. ఏడ్సుడు అయినంక నాకు దుకాణాల రంది వట్టుకుంది. ఆయన మంచాన పడె, ఇగ గా దుకాణాలన్ని మూతపడె, గంతమంది ఏం కొనుక్కోని బతుకుతరు అని నిద్ర వట్టలె. నవ్వకుండ్రి, నిజంగనే వట్టలె. నువ్వు చెప్పినయన్ని నేను నమ్మిన. నువ్వు చెప్తివి, నేను నమ్మితిని. గా నెలల్నే మన గల్లీ పోశాలు ఐకాడ్ నుంచి దిగిండు. చుట్టాలందరు వాని ఇంట్ల ఉన్నరు. నేను గూడ పోయిన. అందరి ముంగటనే అడిగిన. అయ్యా, మా ఆయన పండుకుంటె ఆడ దుకాణాలన్ని బంద్ అయినయి గద, మీరెట్ల ఎల్లదీసిన్రయ్యా అని అడిగిన."

దౌలత్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వానికి సమజ్‌గాలె మొదలు. సమజైనంక పెట్టె తాళం తీసిండు. పెట్టె నిండ మీ నుస్ నుస్ సంచులే. మొన్న శుక్రారం పోయి తెచ్చుకున్న వదినా, అడుగు పెట్ట సందులేదు గంత జనం ఉండిరి అన్నడు. నా చేతుల నాలుగు సబ్బులు పెట్టిండు. ఇల్లంత నవ్విన్రు. ముసలోల్లు నవ్విన్రు, పోరలు నవ్విన్రు. నేను సబ్బులు కొంగుల ముడేసుకోని ఇంటికొచ్చిన."

బావ పెదాలు కదిలాయి. "అయి..." అన్నాడు. "అయి నేను మంచాన పడకముందు ఎక్కిచ్చిన సరుకే."

"అయితయి," అంది అక్క. "నేనేమన్న కాదన్ననా?"

ఆ మాటతో బావ కిందికి కూలబడ్డాడు. అంతమంది మా అక్కను చూసి నవ్వారని నాకు అప్పటిదాకా తెలియదు. మా బావను చాటుగా ఎన్నోసార్లు నవ్వులపాలు చేశాం, అది మాకు వేడుక. మాకు నవ్వు వచ్చిన కోతలను అక్కడ ఒక మనిషి నమ్మి, నిద్ర పోకుండా, సబ్బులు కొంగున కట్టుకుని గల్లీలో నడిచి వెళ్ళిందంటే నా కళ్ళు నిండాయి.

"కోపం రాలె నాకు," అంది అక్క. "ఇంటికొచ్చి కూసున్నంక పానం అల్కగయింది. ఆయన లేకున్నా దుకాణాలు నడుస్తున్నయంటె ఆయన ఇంటికి రావచ్చు గద అనుకున్న. ఆ దినం సంది చూస్తున్న. నీయంతట నువ్వే వస్త అంటవని చూస్తున్న. గడ్డ ఉన్నదని తెల్సినంక గూడ నేనే ముందు అడుగద్దనుకున్న. ఇగ అడుగక తప్పలె."

బావ రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. ప్లాస్టిక్ లాగి లాగి కాయలు కాసిన చేతులు.

"నేనొచ్చి ఏం జేస్త ఆడ?" అన్నాడు చివరికి. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని నాకు తెలియదు. "దవాఖానల నాకేం వస్తది? మందుల పేర్లు చదువరాదు, డాక్టరమ్మతోని మాట్లాడరాదు. నాతోని ఏం పనైతది?"

"ఏం పని లేదు. లోపటికి గూడ రానియ్యరట. తలుపు బయట బెంచి ఉంటదట, దాని మీద కూసునుడు. గంతే. వదినె కూసుంట అన్నది, వద్దన్న. బిడ్డ ఫోన్ జేసి అత్తగారింట్ల అడిగి వస్త అన్నది, వద్దన్న. గా బెంచి మీద ఇంకెవలు కూసున్నా నాకు నడువది."

రామచంద్రరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోదామనుకున్నారు, మళ్ళీ చప్పుడవుతుందని ఆగిపోయారు. దౌలత్‌బీ మాత్రం గడప మీద నుంచి కదలకుండా, "యాబ్బా, ఇంగేం కావాలన్నా నీకు," అని మెల్లగా అంది.

బావ ఫోను దగ్గరికి వంగాడు. ఇన్నేళ్ళలో ఓడలు మడిచాడు, గుట్టలు మడిచాడు, సముద్రాన్ని గేటు దాటించాడు. ఈ ఒక్క మాట మాత్రం ఆయన నోట మేమెవరం వినలేదు.

"నాకు భయమైతుందే కొమురవ్వా," అన్నాడు. "బల్ల మీది నుంచి నువ్వు లేవకపోతే నేనేం గావాలె? గా బెంచి మీద కూసోని ఉంటె, డాక్టరమ్మ బయటికొచ్చి ఏం చెప్తదో అని భయమైతుంది."

"ఎరికే," అంది అక్క. "నాకు గూడ మస్తు భయమైతుంది. ఆడ గాదు, ఈడికొచ్చి భయపడు."

బావ లేచి నిలబడి, చెప్పుల కోసం మెట్ల మీదికి చూశాడు. "లే బామ్మర్దీ," అన్నాడు. "ముదీర్ ఇంక ఉన్నడో లేచి పోయిండో."